పావుసెంటు పెద్దబండి

మా షెడ్డులో ఉన్న అమెరికా కారుకు ప్రభుత్వం వారు పట్టాదారు పాస్‌పుస్తకం ఇచ్చారు. ఆకుపచ్చ అట్ట, లోపల మా ఆయన ఫొటో, ఫొటో కింద కారు విస్తీర్ణం: పావు సెంటు పైచిలుకు. నేల స్వభావం: నల్లరేగడి. తరగతి: మాగాణి. మా ఆయన మృత్యుంజయం గారు దాన్ని కళ్లకద్దుకుని దేవుడి గూట్లో పెట్టారు. నేను తీసి బీరువాలో పెట్టాను. పాస్‌పుస్తకం ఎక్కడ ఉండాలో కరణంగారి కూతురికి ఒకరు చెప్పాలా?

నా పేరు పేరిందేవి. మాది గోదావరి గట్టు పక్కన జొన్నలమెరక. మా నాన్న నదికి అవతల, ఏటా ఏరు కోసుకుపోయే ఒక లంక ఊళ్లో ఆఖరి కరణం. భూముల లెక్కలు రాసే అడంగల్ పుస్తకాల మధ్య పెరిగినదాన్ని కాబట్టి, ప్రభుత్వం వారు ఏది రాస్తే అదే నిజమని, మనకు కనబడేది వట్టి అనుమానమని చిన్నప్పుడే నేర్చుకున్నాను. అయినా కారు మాగాణి అవుతుందని మాత్రం మా నాన్న కూడా ఊహించి ఉండడు.

ముందు ఆ కారు సంగతి చెప్పాలి. యాభై నాలుగో మోడల్. పద్దెనిమిది అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు, కాటుక నలుపు. ఊరంతా పెద్దబండి అంటారు. మామగారు రైసుమిల్లు నడిపే రోజుల్లో ఎవరో జమీందారు దగ్గర కొన్నారట. మిల్లు పోయింది, కారు మిగిలింది. నేను కాపురానికి వచ్చేనాటికి దానికి పెంకుల షెడ్డు ఉంది, నా వంటిల్లు మాత్రం వానొస్తే కారేది. నలభై రెండేళ్లుగా అది నాకు సవతే. దాన్ని తుడిచే గుడ్డ నా పట్టుచీర కొంగుకన్నా మెత్తన.

దాన్ని నడిపింది, బాగుచేసింది, తిట్టింది, ముద్దుచేసింది అంతా డ్రైవరు మీరాసాహెబు. ఆయనకు ఇప్పుడు డెబ్భై తొమ్మిది. ముగ్గురు కూతుళ్లనూ పెద్దబండిలోనే అత్తారింటికి సాగనంపాడు. ఇప్పుడు మనవరాలు షాహిదా పెళ్లి. ఆ పిల్ల ఆరేళ్లప్పుడు షెడ్డులో ఆ కారు బానెట్టు మీద కూర్చుని జామకాయ తింటూ "తాతా, నన్ను కూడా దీన్లోనే పంపాలి" అంటే, ఆయన తల మీద చెయ్యి పెట్టి మాటిచ్చాడు. పెళ్లి ఇరవై రెండు రోజుల్లోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే కారు ఆగిపోయింది. ఇంజన్లో నిప్పురవ్వను ప్లగ్గులకు పంచే నల్లటి మూత ఒకటి ఉంటుందట, డిస్ట్రిబ్యూటర్ క్యాపు. అది చిట్లింది. అరచేతిలో పట్టే మూత, దేశంలో ఎక్కడా దొరకదు.

నిజానికి దొరుకుతుంది. మా జిల్లాలో ఇలాంటి అమెరికా బండ్లున్న పిచ్చివాళ్లు నలుగురు. నలుగురికీ ఫోన్లో 'పెద్దబండ్లు' అని ఒక గ్రూపు. ఒకరికి బోల్టు కావాలంటే ఇంకొకరు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతారు. నెలకో ఆదివారం పాలంక రేవు హోటల్లో కలిసి పెసరట్టు తింటారు. నలుగురిలో పెద్దవాడు పాలంక రాజుగారు. ఆయన దగ్గర అలాంటి మూత అదనంగా ఒకటుందని అందరికీ తెలుసు. మా ఆయన అడగడం, ఆయన పంపడం, మీరాసాహెబు బిగించడం, నాలుగు రోజుల పని.

కానీ ఆ వారమే ప్రభుత్వం వారి దయ మా గుమ్మం దాకా వచ్చింది.

అంతకు నెల ముందు రాజధానిలో ఒక పెద్ద అధికారి విదేశీ అధ్యయన యాత్రకు వెళ్లారట. అక్కడ పాత అమెరికా కార్ల యజమానులు వేలమంది అంతర్జాలంలో ఒకచోట చేరి, నీ బండికి ఏ బల్బు, నా బండికి ఏ బోల్టు అని కబుర్లు చెప్పుకోవడం చూసి ఆయనకు కళ్లు చెమర్చాయి. తిరిగొచ్చి మీటింగులో "మన రాష్ట్రంలో ఎందుకు లేదు?" అని బల్ల గుద్దారు. కార్లు లేవు కాబట్టి అనడానికి ఎవరికీ నోరు రాలేదు. సాయంత్రానికి 'ప్రాచీన అమెరికా వాహన యజమానుల అంతర్జాల సముదాయ నిర్మాణ పథకం' పుట్టింది. మూడు వారాల్లో పోర్టల్ రావాలి. మూడు వారాల్లో కొత్తది ఎవరు తయారుచేస్తారు? భూముల రికార్డులది ఒకటి తయారుగా ఉంది. అందులో భూమి అన్నచోటల్లా బండి అని మార్చారు. మిగతా గళ్లు మార్చడానికి టైము చాల్లేదు.

"ఇక రాష్ట్రంలో ఉన్న బండ్లన్నీ ఒక్క చోటే, పేరిందా!" అని మా ఆయన చిన్నపిల్లాడిలా గెంతారు. పోర్టల్ తెరిచిన రోజే నలుగురూ పేర్లు ఎక్కించుకున్నారు.

రెండోరోజు పొద్దున్నే గ్రామ రెవెన్యూ అధికారి నూకరాజు వచ్చాడు. చంకలో కొలత గొలుసు, చేతిలో ట్యాబు. మంచివాడే, పాపం. ఉద్యోగం అలాంటిది.

"బండి కొలవాలండి. ఆయ్, తూర్పు హద్దు ఏంటండి?"

"కారుకు హద్దేమిటయ్యా?" అన్నాను.

"గడి ఖాళీగా వదిలేత్తే ముందుకెళ్లదండి, అమ్మగారూ. ఏదో ఒకటి సెప్పండి."

తూర్పు వైపు చూస్తే పక్కింటి కాంతమ్మ గేదె పడుకుని నెమరేస్తోంది. తూర్పు: కాంతమ్మగారి గేదె అని కొట్టాడు. పడమర మా బావి. దక్షిణం బియ్యం డబ్బాలు. ఉత్తరం వీధి.

"నేల స్వభావం?"

మా ఆయన బిక్కమొహం వేశారు. నూకరాజు కారు చుట్టూ తిరిగి, బానెట్టు మీద వేలితో గీసి చూశాడు. "నల్లగానే ఉందండి. నల్లరేగడి ఏసేత్తన్నాను. నీటి వనరు?"

"రేడియేటరులో పద్నాలుగు లీటర్లు పడతాయి" అన్నాడు మీరాసాహెబు నవ్వాపుకుంటూ.

"నీరుంటే మాగాణే మరి!" అని నూకరాజు తృప్తిగా నొక్కాడు. "ఇప్పుడు అనుభవంలో ఎవరున్నారండి? అంటే దాన్లో ఎక్కువసేపు కూర్సునేది ఎవరు?"

"నేనేనయ్యా, డ్రైవర్ని."

"డ్రైవరని లేదండి, సాయిబుగారూ. సొంతదారు, కౌలుదారు, ఆక్రమణదారు, మూడే ఉన్నాయి."

మీరాసాహెబు కాసేపు ఆలోచించాడు. "ఆక్రమణదారు అంటే లాక్కెళ్తారేమో. కౌలుదారు రాయి."

ఆ విధంగా అరవయ్యేళ్లు స్టీరింగు తిప్పిన మనిషికి కౌలు గుర్తింపు కార్డు వచ్చింది. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని "ఇన్నాళ్లకు నేనూ రైతునయ్యానమ్మా" అన్నాడు. అప్పటికి మాకు ఇంకా నవ్వు వచ్చేది.

నవ్వు ఆగింది నాలుగోరోజు. మా ఆయన పోర్టల్లో, "డిస్ట్రిబ్యూటర్ క్యాపు కావాలి, ఎవరి దగ్గరైనా ఉందా?" అని రాశారు. వెంటనే జవాబొచ్చింది, మనిషి నుంచి కాదు, యంత్రం నుంచి. 'తమరి ప్రకటన స్వీకరించబడినది. సరిహద్దుదారుల అభ్యంతరముల నిమిత్తము ముప్పది దినములు నోటీసు బోర్డునందు ఉంచి, పిదప సభ్యులకు చూపబడును.'

"ముప్పై రోజులా? పెళ్లి పద్దెనిమిది రోజుల్లో ఉంది!" అన్నాను.

"పద్ధతి అంటే పద్ధతే కదా" అని మా ఆయన గొణిగారు. ఆయనకు ప్రభుత్వం వారి రబ్బరు స్టాంపు కనబడితే చాలు, లేచి నిలబడతారు. ముప్పై అయిదేళ్లు హెడ్మాస్టరుగా చేసినా ఇన్‌స్పెక్షన్ అంటే జ్వరం వచ్చే మనిషి.

అభ్యంతరం నిజంగానే వచ్చింది. కాంతమ్మ నుంచి కాదు, గేదె నుంచి. అది మేతకు లేచి వెళ్లేసరికి మా తూర్పు హద్దు కనబడలేదు. మర్నాడు కాంతమ్మకు నోటీసు: 'హద్దును యథాస్థానమున కట్టివుంచవలెను. లేనియెడల చర్య తీసుకొనబడును.' ఆవిడ నోటీసు పట్టుకుని మా గుమ్మంలో నిలబడి మా ఏడు తరాలనూ తిట్టిపోసింది. ఆవిడ తప్పేముంది? రోజుకు రెండు పూటలా పాలిచ్చే గేదెను సర్వేరాయి చేస్తే ఎవరికి మండదు?

సరే, ఆ పోర్టల్ పాడుగాను, ఫోన్ గ్రూపులో అడగండి అన్నాను. మా ఆయన తలదించుకుని ఫోన్ చూపించారు. 'పెద్దబండ్లు' గ్రూపు మూసేశారు. అనుమతి లేకుండా నలుగురు ఒకచోట చేరి ఏర్పరచుకున్నది కాబట్టి అది అనధికార లేఅవుటు అట. క్రమబద్ధీకరణకు దరఖాస్తు చేసుకోవాలట. అడ్డురోడ్లకు, పార్కుకు స్థలం వదిలినట్టు చూపించాలట.

నేను ల్యాండ్‌లైన్ నుంచి పాలంక రాజుగారికి ఫోన్ చేశాను. ఆయన గొంతు కూడా నీరుగారిపోయింది.

"మూత నా దగ్గరే ఉంది చెల్లెమ్మా. కానీ అది నా బండి సర్వే నంబరులో భాగం అంటున్నారు. మీ బండిలోకి రావాలంటే సబ్‌డివిజన్ చేసి, మూతకు విడిగా నంబరు వేయించి, రిజిస్ట్రేషన్ చేయించాలంట. అడిగాను. మూతకు నాలుగు హద్దులు చెప్పమన్నారు."

"అన్నయ్యగారూ, మీ ఊరి పూతరేకులు బాగుంటాయని విన్నాను" అన్నాను.

అవతల డబ్బా మూత తీసిన చప్పుడు. తర్వాత ఆయన నవ్వు వినబడింది. "ఒక డబ్బా పంపిస్తాను చెల్లెమ్మా. కింది అర మాత్రం మీరే విప్పండి."

మర్నాటి బస్సులో డబ్బా వచ్చింది. పైన పూతరేకులు, కింద పాత గుడ్డలో చుట్టిన నల్లటి మూత. మీరాసాహెబు దాన్ని బిగించి, ఇంజను మాట వింటున్నట్టు తల వంచి, స్టార్టరు నొక్కాడు. ఏడెనిమిదిసార్లు దగ్గి, పెద్దబండి గుర్రుమంది. ఆ ముసలాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి, ఎందుకు దాచాలి? నలభై రెండేళ్లలో మొదటిసారి ఆ సవతి గొంతు వింటే సంతోషం వేసింది. పెళ్లి రెండు రోజులుందనగా, కడుగుదామని నాలుగడుగులు ముందుకు తెచ్చి వీధరుగు దగ్గర నిలిపారు.

ఆ నాలుగడుగులే కొంప ముంచాయి. పైనుంచి ఉపగ్రహం చూస్తూ ఉంటుందని మాకేం తెలుసు? పోర్టల్లో మా బండి ఎర్రగా వెలిగిందట. సర్వే నంబరు వదిలి గ్రామ కంఠంలోకి, అంటే ఊరి ఉమ్మడి జాగాలోకి, నాలుగడుగులు చొచ్చుకు వచ్చిందట. మధ్యాహ్నానికి జీపు వచ్చి ఆగింది. అందులోంచి దిగినాయన జిల్లా సముదాయ నిర్మాణాధికారి శశిభూషణ్ గారు. ఇస్త్రీ మడత నలగకుండా నడిచే మనిషి. వెనకాల నూకరాజు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"మృత్యుంజయం గారూ, స్థిరాస్తికి ప్రాథమిక లక్షణం స్థిరత్వం. మీ చర్య వలన సముదాయం యొక్క సమగ్రతకు భంగం వాటిల్లింది. ఒక బండి కదిలితే, దాన్ని చూసి మరొక బండి కదులుతుంది. అప్పుడు సముదాయం నిర్మించేది ఎక్కడ?"

"సార్, అది కారు" అన్నాను నేను.

"అమ్మా, రికార్డు ప్రకారం మాట్లాడండి."

"ఎల్లుండి సాయిబుగారి మనవరాలి పెళ్లండి. పిల్లను గుత్తులపర్రు పంపాలి. పద్నాలుగు కిలోమీటర్లు."

"తప్పకుండా. బండి స్థల మార్పిడికి దరఖాస్తు పెట్టుకోండి. గుత్తులపర్రులో ఖాళీ సర్వే నంబరు ఉంటే, తొంబది దినములలో పరిశీలిస్తాం."

మా ఆయన చేతులు కట్టుకుని చూపించిన చోటల్లా సంతకాలు పెట్టారు. కారును వెనక్కి తోయించారు. నలుగురు మనుషులు గడ్డపారలతో వచ్చి కారు నాలుగు మూలలా నాలుగు హద్దురాళ్లు పాతారు, పసుపు రంగు వేసి, నంబర్లు రాసి. ప్రాణం ఉన్న బండిని సమాధి చేసినట్టుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

మీరాసాహెబు నెమ్మదిగా చేతులు తుడుచుకున్నాడు. "పోనీలెండి అమ్మగారూ. ఆటో మాట్లాడతాను. షాహిదా అర్థం చేసుకుంటాది." అని రెండడుగులు వేసి ఆగాడు. "మాట ఇచ్చేశాను గానీ... ఏం చేత్తాం."

ఆ పూట బీరువాలోంచి పాస్‌పుస్తకం తీసి, అక్షరం అక్షరం చదివాను. మా నాన్న కూర్చున్నట్టే బాసింపట్టు వేసుకుని కూర్చుని, వెనక పేజీల్లో షరతులతో సహా. తర్వాత షెడ్డులోకి వెళ్లి రాళ్లు చూశాను. మూలకొకటి చొప్పున పాతారు. ముందున్న రెండు రాళ్ల మధ్య ఖాళీ సరిగ్గా కారంత వెడల్పు, అటో జానెడు, ఇటో జానెడు ఎక్కువ. కొలిచి పాతినవాళ్లు ఎదురుగా దారి వదిలేసి పోయారు.

"ఏమండీ, రేపు కాక ఎల్లుండి మీకు పనేమైనా ఉందా?" అన్నాను.

నా మొహం చూసి ఆయన బీపీ మాత్ర వెతుక్కున్నారు.

పెళ్లిరోజు పదింటికల్లా నిఖా అయింది. పెద్దబండి రెండు రాళ్ల మధ్యనుంచి రాయికి గీత పడకుండా బయటికి వచ్చింది. డెబ్భై తొమ్మిదేళ్ల చెయ్యి, దారం సూదిలోంచి లాగినట్టు లాగింది. స్థలం ఖాళీగా కనబడకూడదని మా ఆయన ఆ నాలుగు రాళ్ల మధ్య కుర్చీ వేసుకుని, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. పేపరు తలకిందులుగా పట్టుకున్నారని నేను చెప్పలేదు. తూర్పున గేదె కూడా బుద్ధిగా హద్దులోనే ఉంది.

వెనక సీట్లో షాహిదా, పెళ్లికొడుకు. ఆ పిల్ల ముసుగులోంచే ఏడుస్తూ నవ్వుతోంది. ముందు నేను, ఒళ్లో చేతిసంచి, సంచిలో పాస్‌పుస్తకం. నలభై రెండేళ్లలో ఆ ముందు సీట్లో కూర్చోవడం అదే మొదలు. మెత్తగానే ఉందని ఒప్పుకోవాలి.

గడియారస్తంభం సెంటరుకు వచ్చేసరికి దారి నిండా జనం. ప్రాచీన అమెరికా వాహనాల మీద అవగాహన ర్యాలీ అట. వాహనాలు కదలకూడదు కాబట్టి, మహిళా సంఘాలవాళ్లను అట్టముక్క మీద కారు బొమ్మలిచ్చి ఎండలో నడిపిస్తున్నారు. ముందు శశిభూషణ్ గారు జెండా పట్టుకుని ఉన్నారు. ఆ బొమ్మల మధ్యలోకి నిజం కారు హారన్ కొడుతూ వచ్చేసరికి, జనం అదీ కార్యక్రమంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

ఆయన జెండా పడేసి అడ్డం వచ్చారు. "ఆపండి! నూకరాజూ, కేసు రాయి! స్వాధీనం చేసుకో!"

వెనక సీటు నుంచి షాహిదా నా భుజం గట్టిగా పట్టుకుంది. నేను దిగాను.

"రాయవయ్యా నూకరాజూ, నేను చెప్తాను" అని పాస్‌పుస్తకం తెరిచాను. "పావు సెంటు పైచిలుకు నల్లరేగడి మాగాణి, ఈ రోజు పదకొండు గంటలకు పెళ్లికూతుర్ని ఎక్కించుకుని, గడియారస్తంభం సెంటర్లో హారన్ కొట్టింది. రాశావా? కింద దొరగారిని సంతకం పెట్టమను. పంపేది కలెక్టరుగారికే కదా."

శశిభూషణ్ గారు నూకరాజు వైపు తిరిగారు. "వాహనం కదిలిందని రాయి" అన్నారు.

"రికార్డు ప్రకారం మాట్లాడండి" అన్నాను. "మీ రికార్డులో వాహనం ఎక్కడుంది?"

నూకరాజు ట్యాబు కిందికీ పైకీ తోశాడు. చెమటలు కారుతున్నాయి. "కదిలింది అనడానికి గడి లేదండయ్యా. ఉపగ్రహంలో ఎర్రగా కొట్టుకుంటాందండి. ఏదో ఒకటి ఎయ్యకపోతే సాయంత్రానికి పైనుంచి మనకే మెమో వత్తాదండి."

జనం చుట్టూ మూగారు. శశిభూషణ్ గారు నుదురు తుడుచుకున్నారు. ఇస్త్రీ మడత మొదటిసారి నలిగింది. ఆ మనిషిని చూస్తే జాలేసింది, కొంచెమే.

"భూమి ఉన్నచోట లేకుండా పోతే ఏం రాస్తారో మా నాన్న లంకలో ఏటా రాసేవాడు" అన్నాను. "నూకరాజూ, నదీకోత గడి చూడు."

నూకరాజు మొహం వెలిగింది. "ఉందండి! 'గోదావరి కోతలో పూర్తిగా గల్లంతు' అని ఉందండి! నొక్కేత్తే ఎరుపు ఆరిపోద్దండి!"

"ఇప్పుడు గోదావరిలో నీళ్లెక్కడివి?" అన్నారు శశిభూషణ్ గారు నీరసంగా. నిజమే. వైశాఖం. కాలవలు కూడా కట్టేశారు. నదిలో కుర్రాళ్లు క్రికెట్టు ఆడుతున్నారు.

"నీళ్లున్నాయా అని గడి అడగడంలేదండి" అన్నాడు నూకరాజు. నొక్కేశాడు.

మీరాసాహెబు గేరు వేశాడు. గోదావరిలో గల్లంతైన కారు షాహిదాను తీసుకుని గుత్తులపర్రు వెళ్లింది. అత్తారి గుమ్మంలో పిల్లను దింపి, ఆయన చాలాసేపు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. "మాట దక్కిందమ్మా" అన్నాడు. అంతే అన్నాడు.

భూమి పోతే సభ్యత్వం పోతుందట. మా ఆయన్ను సముదాయం నుంచి తొలగించినట్టు ఉత్తరం వచ్చింది. అది తెలిసి పాలంక రాజుగారు, మిగతా ఇద్దరూ నూకరాజును వెతుక్కుంటూ వచ్చారు. చుక్క నీరు లేని ఆ వైశాఖంలో, ఒక్క వారంలో, మా జిల్లాలోని అమెరికా కార్లన్నీ గోదావరిలో కొట్టుకుపోయాయి. సముదాయం మాత్రం పోర్టల్లో ఇప్పటికీ ఉందట, అధికారులతో సహా.

వరద బాధితులమని మాకు ఒక బస్తా బియ్యం, ఒక టార్పాలిన్ ఇచ్చారు. కౌలుదారు కార్డుంది కాబట్టి మీరాసాహెబుకు కూడా. ఆ టార్పాలిన్ పెద్దబండికి అతికినట్టు సరిపోయింది.

మొన్న ఆదివారం పాలంక రేవు హోటలు ముందు నాలుగు కార్లూ వరసగా నిలబడ్డాయి. ఈసారి నేనూ వెళ్లాను, ముందు సీట్లోనే. పెసరట్లు వస్తుండగా నూకరాజు సైకిలు దిగి మొహమాటంగా నిలబడ్డాడు.

"ఏమయ్యా, మళ్లీ ఏం కొలవాలి?" అన్నారు మా ఆయన బెదిరిపోయి.

"అబ్బే, ఏంలేదండి. గల్లంతైన బండ్ల ఆచూకీ దొరికిందేమో సూసి రమ్మన్నారండి."

ట్యాబు తీసి, నాలుగు కార్లనూ ఒకదాని తర్వాత ఒకటి నిదానంగా చూశాడు. దొరకలేదు అని నొక్కి, కుర్చీ లాక్కున్నాడు.